బైండింగు గదిలో చప్పుడు

చీకటి పడ్డాక ఆ సందులోంచి ఎవరూ పోయేవాళ్లు కాదు. అది అడ్డదారి. వదిలేస్తే బస్సు దిగినవాళ్లు మార్కెట్టంతా చుట్టి ఇళ్లకు చేరాలి. అయినా చుట్టే తిరిగేవాళ్లు, వానలో కూడా. సందు మధ్యలో ఆకుపచ్చ తలుపొకటి ఉండేది, పెచ్చులు లేచి, ఎప్పుడూ మూసి. ఆ తలుపు వెనక చనిపోయిన మనిషి రాత్రంతా పని చేసుకుంటాడని చెప్పుకునేవాళ్లు.

చచ్చాక కూడా పనేమిటి పాపం అనిపిస్తుంది. నేను ఉద్యోగం చేసిన ఆఫీసులో బతికుండగానే పని చేయనివాళ్లు చాలామంది ఉండేవారు.

అది బైండింగు గది. కాలేజీలో చదివేటప్పుడు నా తర్కశాస్త్రం నోట్సు అక్కడే బైండు చేయించాను. తర్కమంతా మరిచిపోయాను గాని, బైండింగు ఇప్పటికీ ఊడలేదు. ఎలుకలు కూడా అట్ట మూల కొంచెం కొరికి, ఇది మన వల్ల కాదని వదిలేశాయి.

అన్నదమ్ములిద్దరు నడిపేవాళ్లు. వీధిలో పెద్దబైండరు, చిన్నబైండరు అనేవాళ్లం. పెద్దాయనకు చేతిలో పని, చిన్నాయనకు నోట్లో పని. పుస్తకం ఇస్తే పెద్దాయన ముందు దాని వీపు నిమిరేవాడు, ఆ తర్వాతే మన మొహం చూసేవాడు. గది వెనకే ఇల్లు. మధ్యలో ఒక్క గోడ. ఇంట్లో ఆయనా, భార్యా. పిల్లల్లేరు. తమ్ముడు రెండు వీధుల అవతల అద్దెకుంటూ, ఇల్లు ఇద్దరిదీ అని గొణుగుతూ ఉండేవాడు.

పెద్దాయన ఒక మధ్యాహ్నం పనిబల్ల మీదే తలవాల్చి పోయాడు. కునుకు తీస్తున్నాడనుకుని ఆమె ఫ్యాను వేసి, అలికిడి కాకుండా తలుపు చేరవేసి వెళ్లింది. చాలాసేపటికి గాని తెలియలేదు.

ఆమె ఏడవలేదు. అదే వీధికి మింగుడుపడలేదు. ఏడిస్తే ఓదార్చొచ్చు. ఏడవని మనిషి దగ్గర కూచుని ఏం మాట్లాడాలి? కొన్నాళ్లు వచ్చారు, గుండె రాయి చేసుకోమ్మా అన్నారు, టీ తాగి లేచారు. ఆ తర్వాత రావడం తగ్గింది.

అప్పుడు మొదలైంది చప్పుడు.

టక్... టక్... టక్...

పుస్తకం వీపు మీద సుత్తి దెబ్బలు. వీధి సద్దుమణిగాక, ఆ మూసిన గదిలోంచి. కాసేపు మోగేది, ఆగేది... పోయిందిలే అనుకునేలోపు మళ్లీ మోగేది.

మా వీధిలో ఒక డ్రాయింగు మాస్టారుండేవాడు. దెయ్యాల్లేవని వాదించడానికి మనిషి దొరికితే భోజనం కూడా మరిచిపోయే రకం. ఎవరో రెచ్చగొడితే ఒక రాత్రి టార్చి పట్టుకుని బయల్దేరాడు.

సందులో వీధి దీపం లేదు. తలుపు దగ్గరకు పోయేసరికి సుత్తి మోగుతూనే ఉంది.

ఇంకో అడుగు వేశాడు. ఆగిపోయింది.

చెవి తలుపుకి ఆనించాడు. ఏమీ లేదు... పాత చెక్క వాసన, జిగురు వాసన. లోపల ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది — లేక ఆ ఊపిరి తనదేనా?

“ఎవరది?” అన్నాడు. అనడం కూడా గొంతులో సగం, బయట సగం.

సరిగ్గా చెవి దగ్గరే, తలుపుకి అటువైపున — ఠప్.

టార్చీ, చెప్పులూ సందులోనే వదిలేసి వచ్చాడు. వారంపాటు జ్వరం. లేచాక కూడా దెయ్యాల్లేవనే వాదించేవాడు గాని, పగలు మాత్రమే వాదించేవాడు.

ఆ సంగతి పాకాక ఇంటివైపు కన్నెత్తి చూసినవాళ్లు లేరు. పాలవాడు ప్యాకెట్టు గేటు బయటే పెట్టి పోయేవాడు. పోస్టుమాన్ ఉత్తరాన్ని లోపలికి గిరాటేసేవాడు. మా ఆవిడ కూడా, పాపం ఒంటరిది అంటూనే చుట్టుదారి పట్టేది. కొన్ని నెలలకు పెద్దబైండరు భార్య ఇల్లు ఖాళీ చేసి అక్కగారి ఊరు వెళ్లిపోయింది. దెయ్యం తరిమేసింది అనుకున్నాం. అనుకుని ఊపిరి పీల్చుకున్నాం.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఈమధ్య కళ్లాసుపత్రికి వెళ్లాను. చుక్కలు వేసి కళ్లు మూసుకుని కూచోమంటారు. తెరిస్తే నర్సమ్మ కసురుకుంటుంది. స్కూల్లో కూడా నన్నంత బుద్ధిగా ఎవరూ కూచోబెట్టలేదు. పక్క కుర్చీలో ఎవరో దగ్గారు. ఆ వెనకే వచ్చిన గొంతు గుర్తుపట్టాను. చిన్నబైండరు.

కళ్లు మూసుకున్న ఇద్దరు ముసలాళ్లు మాట్లాడుకునేది పోయినవాళ్ల గురించేగా. మాటల్లో ఆ చప్పుడు సంగతి ఎత్తాను.

అతను కులాసాగా నవ్వాడు.

“నేనేనయ్యా” అన్నాడు.

సందువైపు తలుపు తాళంచెవి అతని దగ్గరే ఉండిపోయిందట. వదిన భయపడి తనంతట తనే అక్కగారింటికి పోతే ఇల్లు తనదవుతుందని లెక్క. పెళ్లాం పడుకున్నాక వెళ్లేవాడు, దీపం లేకుండా బల్ల తడుముకుంటూ అన్న సుత్తి అందుకునేవాడు. డ్రాయింగు మాస్టారి చెప్పులు ఏడాది తొడిగాడట. సరిగ్గా తన కొలతేనట. అది చెప్పి ఎంత నవ్వాడంటే నర్సమ్మ వచ్చి ఇద్దర్నీ కలిపి తిట్టింది.

కానీ వదిన కదల్లేదట. గోడలో సన్నటి పగులుంటే ఒక రాత్రి అక్కడ కన్ను పెట్టి చూశాడు. ఆమె కుర్చీ గోడ దగ్గరికి లాక్కుని, శాలువా కప్పుకుని కూచుని ఉంది. నెలల తరబడి దువ్వెన ఎరగని తల దువ్వుకుంది. భయపడుతున్న మొహం కాదది. ఎవరికోసమో ఎదురుచూస్తున్న మొహం.

అతనికి ఒళ్లు మండింది. తను ఇక్కడ నిద్ర మానుకుని సుత్తి కొడుతుంటే, ఆవిడ అక్కడ కోలుకుంటోంది.

సుత్తితో పని జరగదని తేలిపోయాక, కొన్నాళ్లకు పగలే వెళ్లాడు. ఇల్లు సంగతి తేల్చమని నిలదీద్దామని. ఆమె టీ ఇచ్చింది. అతను మాట కలిపే ముందే ఎదురుగా కూచుని మెల్లగా అడిగిందట, రాత్రిళ్లు చీకట్లో చెయ్యి నలగ్గొట్టుకోలేదు గదా అని.

అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు.

“మొదటి దెబ్బకి లేచి కూచున్నాను” అంది. “ఆయనే వచ్చాడనుకున్నాను. రెండో దెబ్బకి నువ్వని తెలిసిపోయింది. మీ అన్న రాత్రిపూట సుత్తి పట్టిన మనిషేనా? సాయంత్రం జిగురు పెట్టి బరువు కింద ఉంచితే, తెల్లారేదాకా ఆ పుస్తకాన్ని నన్ను కూడా తాకనిచ్చేవాడు కాదు. అన్నేళ్లు పక్కన కూచుని అదైనా నేర్చుకోలేదు నువ్వు. పైగా మేకులు దిగ్గొడుతున్నట్టు ఆ దెబ్బలేమిటి?”

తెలిసీ ఎందుకు ఊరుకున్నావని అడిగాడు ఇతను. సిగ్గుపడలేదట. నాతో చెప్పినప్పుడు కూడా ఆ గొంతులో సిగ్గు లేదు.

“ఆయన పోయాక ఈ ఇంటికి ఎవరొచ్చారు?” అంది ఆమె. “భయపెట్టడానికైనా రోజూ వచ్చింది నువ్వొక్కడివే. నువ్వొచ్చేవేళకు లేచి తల దువ్వుకునేదాన్ని. ఏదో ఒక పని ఉండేది.”

ఇల్లు వదలనని కూడా అప్పుడే చెప్పేసిందట. ఎక్కడికైనా పోతే, ఆయన వస్తే ఎలా అని. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు గాని, తను కూచున్నది అందుకేనట. వస్తే ఆ గదికే వస్తాడు. ఆ గది తప్ప ఆయనకు వేరే ఊరేముంది?

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

“ఒకటి అడుగుతాను, నిజం చెప్పు” అంది. గొంతు తగ్గిపోయింది. “ఈమధ్య సుత్తి మానేశావు. కాయితాలు మడుస్తున్నావు. మడవడం... చెక్క బద్దతో మడత మీద ఒక్క గీత గీయడం... దస్తా బల్లకేసి తట్టి సర్దడం. తొందరలేదు, తడబాటు లేదు. అచ్చం ఆయనే. గోడకి చెయ్యి ఆనించి తెల్లారిందాకా విన్నాను. రాత్రి కూడా విన్నాను.”

కొంగు వదిలేసింది.

“అది నువ్వేనా?”

ఆ అడగడం ఎలా అడిగిందో చెప్పబోయి చిన్నబైండరు కొంచెం తడుముకున్నాడు. ఇద్దరి మధ్యా టీ చల్లారిపోయిందట. ఆమె కళ్లు ఇతని నోటి మీదే ఉన్నాయట, రెప్ప వేయకుండా, ఆపరేషను గది బయట డాక్టర్ని చూసినట్టు.

“నేనే వదినా” అన్నాడు. “ఇంకెవరొస్తారు?”

ఆమె తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. తర్వాత గ్లాసులు తీసి కడిగింది. వంటిల్లు తుడిచింది. లోపలికి పోయి తాళంచెవుల గుత్తి తెచ్చి అతని ముందు బల్ల మీద పెట్టింది. అప్పుడు ఏడ్చిందట, మొదటిసారి, నిలబడే, గోడవైపు తిరిగి. ఓదార్చడానికి అతను లేవలేదు. తాళంచెవులు తీసుకుని జేబులో వేసుకున్నాడు.

అక్కగారింట్లో వరండాలో ఒక మూల మంచం వేశారట. ఆ చలికాలం దాటలేదు.

నర్సమ్మ వచ్చి ఇంకోసారి చుక్కలు వేసి పోయింది. మంట తగ్గేదాకా కుర్చీ పట్టుకుని కూచున్నాను. నాకు ఒక సంగతి మాత్రం లోపల గుచ్చుతూనే ఉంది. ఇతని చేతిపని నాకు తెలుసు. ఒకసారి నా నిఘంటువు తలకిందులుగా బైండు చేసి ఇచ్చిన మనిషి.

“ఆ మడతల పని అంత బాగా ఎప్పుడు నేర్చావోయ్?” అన్నాను.

వెళ్లిపోయాడేమోనని చెయ్యి చాపి చూశాను. కుర్చీ చేతిమీద అతని చెయ్యి ఉంది. చల్లగా ఉంది.

“నేర్చిందెక్కడ?” అన్నాడు, నా చెవికి దగ్గరగా వంగి. “ఆ రోజుకి నేను ఆ గదికి పోవడం మానేసి నెల దాటింది. చలిలో ఊరికే ఎవడు పోతాడు?”

కళ్లు తెరవకూడదన్న సంగతి మరిచిపోయి తెరిచాను. వెలుతురు తప్ప ఏమీ కనిపించలేదు.

“మరి ఆవిడతో ఆ మాట అనలేదేం?”

“అంటే ఖాళీ చేస్తుందా?” అన్నాడు.