ఈ వారం తప్పు

పొద్దున్నే ఆ ఇంట్లో గొడవ సంచి దగ్గర మొదలైంది. కూతురు వీపుకి తగిలించుకునే పసుపురంగు సంచికి జిప్పు ఊడి చాలా కాలమైంది. పెద్ద పిన్నీసొకటి గుచ్చి నెట్టుకొస్తోంది.

"కొత్తది కొంటానంటే వద్దంటావు. ఆ పిన్నీసు పక్కవాళ్లకి గుచ్చుకుంటే?" అంది తల్లి, గుడ్డు పెంకు ఒలుస్తూ.

"నా పక్కన ఎవరూ కూచోరులే" అంది కూతురు.

ఇంకో ఇంట్లో అయితే ఆ మాట దగ్గర ఎవరో ఒకరు ఆగేవారు. ఇక్కడ ఆగలేదు. తల్లికి ఆ రోజు తొందర పని ఉంది. ఆమె విశ్వవిద్యాలయంలో బోధనా కేంద్రానికి డైరెక్టరు. పేరు బరువుగా ఉంటుంది గానీ పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు, పాఠం చెప్పేవాళ్లకి పాఠం చెప్పడం నేర్పడం. పెద్ద పెద్ద డిగ్రీలు తెచ్చుకున్నవాళ్లందరికీ పాఠం చెప్పడం దానంతటదే వచ్చేస్తుందని లోకం నమ్మకం. ఈత మీద పుస్తకం రాసినవాడిని తీసుకెళ్లి నదిలో తోసేసినట్టు, వాళ్లని నూటయాభై మంది పిల్లల ముందుకి తోసేస్తారు. వాళ్లు బోర్డుకేసి గొణుక్కుంటూ గంట గడిపేస్తారు. అలాంటివాళ్ల భుజం పట్టుకుని పిల్లల వైపు తిప్పడమే ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగమంటే ఆమెకి ప్రాణం.

"ఇవాళ మన కుర్రమాస్టారి క్లాసుకి వెళ్తున్నానత్తయ్యా, పిల్లల మాట వినడానికి" అంది.

"ఎవరూ, ఆ ఏడుపు మాస్టారా?" అంది అత్తగారు.

ఫిజిక్సు చెప్పే కుర్రాడతను. పిల్లలంతా కట్టగట్టుకుని ఫిర్యాదు చేస్తే, ఈమె ఆఫీసుకొచ్చి కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు ఒకప్పుడు. ఈమె అతని క్లాసులో వెనక కూచుంది, సలహాలిచ్చింది, నిలబెట్టింది. ఇప్పుడు అతని క్లాసంటే పిల్లలు పడి చస్తారు. భోజనాల దగ్గర అతని ఊసు రాని రోజుండదు. చివర్న ఒకే మాట అంటుంది ఆమె, "చెడ్డ మాస్టారంటూ ఎవరూ ఉండరు. సాయం అందని మాస్టారే ఉంటాడు."

"అన్నట్టు నీ క్లాసే కదే వసపిట్టా! నన్ను చూసి పలకరించకు. నా కూతురివని ఎవరికీ చెప్పొద్దన్నావుగా" అంది తల్లి నవ్వుతూ.

కూతురి చేతిలో చెంచా కంచంలో పడింది. "ఇవాళా?" అంది.

ఒకప్పుడు నోరు మూయమని బతిమాలితే తప్ప మూసేది కాదని ఆ పిల్లకి వసపిట్ట అని ముద్దుపేరు. ఈ మధ్య ఆ పేరు పిలవడానికి తప్ప ఎందుకూ పనికిరావడం లేదు.

అత్తగారు మనవరాలి కేసి గుడ్లురిమింది. మనవరాలు తల అడ్డంగా ఊపింది. తల్లి ఇద్దర్నీ చూసింది. ఏమీ అర్థం కాలేదు. స్కూటరు తాళాలు వెతుక్కుంటూ ఆ సంగతే మర్చిపోయింది.

* * *

ఆ వినే పనికి ఒక పద్ధతుంది. మాస్టారు గదిలోంచి బయటికి పోవాలి. కేంద్రం మనిషి మాత్రమే పిల్లలతో ఉంటుంది. ఏది బాగుంది, ఏది ఇబ్బంది పెడుతోంది అని అడుగుతుంది. ఎవరి పేరూ అడగదు. విన్నది మాస్టారికి చెబుతుంది గానీ పేర్లు చెప్పదు. చచ్చినా చెప్పదు. ఈ రూలు పెట్టింది ఆమే.

కుర్రమాస్టారు చేతులు నలుపుకుంటూ బయటికి వెళ్లాడు. ఆమె బెంచీలన్నీ చూసింది. ముందు వరస, కిటికీ పక్కన, వెనక గోడ దగ్గర. పసుపురంగు సంచి ఎక్కడా లేదు. గంట కిందటే కూతుర్ని ఈ భవనం మెట్ల దగ్గర స్కూటరు మీంచి దింపింది. పిల్ల మెట్లెక్కడం కళ్లారా చూసింది. మరి ఎటు పోయినట్టు?

"మీకు ఈ క్లాసులో బాగా నచ్చిందేమిటి?" అని అడిగింది, చూపు తలుపు మీదే పెట్టి.

"వారం తప్పు!" అని గదంతా ఒక్కసారి అరిచింది.

ఆమె గుండె పొంగింది. ఆ ఆలోచన తనదే. ప్రతి వారం పిల్లలు పేరు లేకుండా రాసిచ్చిన జవాబుల్లోంచి మంచి తప్పునొకదాన్ని ఎంచాలి. తెర మీద వెయ్యాలి. తెలివైన మనిషికి అలా ఎందుకు అనిపించిందో అందరూ మాట్లాడుకోవాలి. తప్పంటే పిల్లలకి భయం పోతుంది. దీని గురించి ఊరూరా సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకుంది ఆమె.

"భలే నవ్వొస్తుంది మేడమ్" అన్నాడు ముందు వరస కుర్రాడు. "నిద్రే రాదు."

"రాణీగారున్నప్పుడు ఇంకా మజాగా ఉండేది" అని ఎవరో అన్నారు. గది ఘొల్లుమంది.

"రాణీగారెవరు?"

కిటికీ పక్కనున్న అమ్మాయి తల దించుకునే చెప్పింది. "ఒకమ్మాయిదే వరసగా మూడు వారాలు వేశారు మేడమ్. పేరు లేకపోతే ఏం, చేతిరాత తెలిసిపోదా? అప్పట్నుంచి వారం రాణి అని పేరు పెట్టారు. ఆ అమ్మాయి లోపలికి రాగానే లేచి నిలబడి దండాలు పెట్టేవాళ్లు. మానేసింది."

"ఏ అమ్మాయి?" రూలుకి విరుద్ధంగా ఆమె నోట్లోంచి వచ్చేసింది.

"పేరు గుర్తులేదు. పసుపు సంచికి పిన్నీసు పెట్టుకుంటుంది. ఇంకొన్నాళ్లు రాకపోతే పరీక్ష కూడా రాయనివ్వరు."

ఆ తర్వాత పిల్లలేం చెప్పారో ఆమె చెవిన పడలేదు. చేతిలో కలం ఏవో గీతలు గీస్తూనే ఉంది.

* * *

"ఎలా ఉంది మేడమ్? ఏమన్నారు?" కుర్రమాస్టారు వరండాలోనే పట్టుకున్నాడు.

ఇతన్ని కొట్టాలా? ఇతను తాను చెప్పిందే చేశాడు. మరి ఎవర్ని కొట్టాలి? దండాలు పెట్టిన పిల్లల్నా? వాళ్లకి నవ్వు నేర్పింది ఎవరు? ఆమె బుర్ర చిక్కుపడిన ఊలు ఉండలా ఉంది. ఏ పోగు లాగినా తన చేతిలోకే వస్తోంది.

"వారం తప్పు వల్ల ఒకమ్మాయి క్లాసు మానేసింది" అంది.

అతని ముఖంలో రక్తం దిగిపోయింది. "మీరే కదా మేడమ్ చెప్పింది... నవ్వుతున్నారు కదా, భయం పోయిందనుకున్నాను."

"ఒకే పిల్లది మూడుసార్లు ఎందుకు వేశావు?"

"ఆ చేతిరాత అమ్మాయా! మిగతావాళ్లు జవాబు గీకి పారేస్తారు మేడమ్. ఆ అమ్మాయొక్కతే తనకెందుకలా అనిపించిందో రాస్తుంది. తప్పయినా ఆలోచిస్తుంది. నాకు చాలా ఇష్టమైన కాగితమది." అతను ఒక అడుగు ముందుకేశాడు. "ఎవరు మేడమ్ ఆ అమ్మాయి? చెప్పండి, వెళ్లి మాట్లాడతాను."

"చెప్పకూడదు. రూలు" అంది ఆమె. ఆ మాట అంటుంటే తన నాలుక తనకే చేదుగా తగిలింది.

* * *

సాయంత్రం కూతురు ఇంటికొచ్చేసరికి తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. భర్త రైలు డ్రైవరు, ఆ వారం డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురాడవాళ్లే.

"ఎక్కడికి పోతున్నావే రోజూ?"

"కాలేజీకి."

"అబద్ధం! నీ క్లాసుకే వచ్చాను ఇవాళ."

"చెప్పింది నిజమే. కాలేజీకే పోతున్నాను. ఆ క్లాసుకి కాదు."

"మరి ఏ క్లాసుకి?"

"తోచిన క్లాసుకి" అంది కూతురు, సంచి కింద పడేసి. "నిన్న పశువైద్యం వాళ్ల గదిలో కూచున్నా. ఆవు పొట్టలో నాలుగు గదులుంటాయట. మొన్న వంతెనలు కట్టేవాళ్ల దగ్గర."

"నువ్వెవరని ఎవరూ అడగలేదా?"

"వెనక బెంచీలో కూచుని మాస్టారిని చూస్తూ రాసుకుంటుంటే ఎవరడుగుతారు? మీ కేంద్రం నుంచి వచ్చాననుకుంటారు."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. కోడలు అటు తిరిగింది. "మీకు తెలుసా అత్తయ్యా?"

"తెలుసు."

"తెలిసీ నాకు చెప్పలేదా?"

"నువ్వెప్పుడు చెప్పనిచ్చావని? దానికి అన్నం సయించక నెలవుతోంది. నువ్వు కంచం ముందు కూచుని ఏడుపు మాస్టారి గొప్పలు చెబుతావు. ఎక్కడ దూర్చనమ్మా డైరెక్టరమ్మా, నా మాట?"

"వచ్చి నాతో ఒక్క మాట అంటే..." అంటూ తల్లి కూతురి చెయ్యి పట్టుకోబోయింది.

పిల్ల చెయ్యి లాక్కుంది. "ఏమనాలి? నీ మాస్టారు నన్ను ఏడిపిస్తున్నాడనా? చెడ్డ మాస్టార్లుండరుగా! ఆయన తప్పు లేకపోతే నాదేనన్నమాట. ఆ వారం తప్పు ఎవరి ఆలోచనో నాకు తెలీదా? నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఈ బల్ల దగ్గరే కూచుని రాశావు. నేనే చప్పట్లు కొట్టాను. దాని మీద నీకే ఫిర్యాదు చెయ్యనా?"

తల్లి నోరు తెరిచింది. చెప్పడానికి చాలా ఉంది. ఆయనకి నీ కాగితమే ఇష్టమట అనాలి. వాళ్లు కావాలని చెయ్యలేదు అనాలి. అన్నీ నిజాలే. కానీ ఒక్కొక్కటీ మాస్టారి తరఫున వాదనలాగే ఉంది. ఇన్నేళ్లుగా ఎందరు మాస్టార్ల పక్కన కూచుంది! ఎవడి గొంతు వణికినా గ్లాసుతో మంచినీళ్లిచ్చింది. తన ఇంట్లో ఒక గొంతు మూగబోతే తెలియలేదు.

"నువ్వు మాస్టార్ల మనిషివమ్మా" అంది కూతురు, ఏడవకుండా.

తల్లి నేలమీద కూలబడింది. సలహా ఒక్కటీ దొరక్క, నోటికొచ్చింది అడిగింది. "ఏం రాశావే ఆ కాగితంలో?"

కూతురు అనుమానంగా చూసింది. "ఎందుకు?"

"ఊరికే. నాకూ తెలీదు ఎందుకో."

పిల్ల కాసేపు గోళ్లు గిల్లుకుంది. "ఏటవాలు పలక మీంచి ఒక ఖాళీ డబ్బా, ఒక నిండు డబ్బా ఒకేసారి దొర్లిస్తే ఏది ముందు చేరుతుందని అడిగారు. ఖాళీదన్నాను. తేలిక కదా, లోపల పట్టి లాగేది ఏమీ లేదు కదా అని రాశాను."

"నిండుదే కదా ముందు పోయేది? బరువుంటుంది" అంది తల్లి. ఆమె చదివింది చరిత్ర.

"రెండూ కలిసే పోతాయి, పక్కపక్కన. దానికింత చదువెందుకు?" అంది అత్తగారు.

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందు లేచింది అత్తగారే. ఇస్త్రీబల్ల లాక్కొచ్చి ఒక కొస కుర్చీ మీద ఎత్తిపెట్టింది. నిండు చక్కెర డబ్బా, దాని జోడు ఖాళీ డబ్బా కూతురు పట్టుకుని వదిలింది. నిండుది ముందు దూకింది. దడదడా వెళ్లి గోడకి కొట్టుకుంది.

"చూశావా, బరువు!" అంది తల్లి చిన్నపిల్లలా.

"బరువు కాదమ్మా! అదే చిక్కు. పుస్తకంలో బరువుతో పనే లేదని రాసుంది. చూడు." డ్రాయర్లోంచి లావుపాటి కొవ్వొత్తి తీసి, ఒత్తి గిల్లేసి, నిండు డబ్బా పక్కన పెట్టి రెండూ వదిలింది. బరువైన డబ్బా, చేతిలో ఉన్నట్టే లేని కొవ్వొత్తి, జంటగా కిందికి దిగాయి.

తల్లి మళ్లీ చెయ్యమంది. మళ్లీ అంతే. "ఇదేమిటే? దీనికి బరువు లేదుగా? నా జవాబు ఒప్పే కదా, మరి నేను చెప్పిన కారణం తప్పెలా అయింది? నాకేం అర్థం కావడం లేదు."

"నాకూ కాలేదు!" అని అరిచింది కూతురు. కళ్లలో నీళ్లు జలజలా రాలాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. "అదే అడుగుదామని చెయ్యెత్తానమ్మా ఆ రోజు. తప్పని తెలిసింది. ఎందుకు తప్పో కావాలి నాకు. ఎత్తిన చెయ్యి చూసి రాణీగారు మాట్లాడతారట అన్నారు ఎవరో. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. దించేశాను."

అత్తగారు మనవరాలి వీపు నిమిరింది.

"ఆయనకి నీ పేరు చెప్పనా?" అంది తల్లి మెల్లిగా. "నువ్వు ఒప్పుకుంటేనే."

"వద్దు. రేపు నేనే వెళ్లి అడుగుతాను. క్లాసులో కాదు, ఆయన గదిలో. ఎందుకు తప్పో చెప్పేదాకా లేవను. తర్వాత ఆ క్లాసులో కూచోవాలో లేదో చూసుకుంటా."

వెళ్లి ఎలా అడగాలో, మాట ఎక్కడ మొదలెట్టాలో తల్లి నాలుక చివరికి వచ్చేసింది. పళ్ల మధ్య నొక్కి పెట్టింది. "వారం తప్పు రేపే ఆపించేస్తాను" అంది.

"ఆపడమెందుకు? నవ్వినవాళ్లని ఎందుకు నవ్వావని అడగమను. అది నీ పని."

"మరి ఇప్పుడు నేనేం చెయ్యను?"

కూతురు ముక్కు తుడుచుకుంటూ ఇస్త్రీబల్ల కింద వెతికింది. "ఖాళీ డబ్బా మంచం కిందికి పోయింది. తీసుకురా. ఇంకోసారి చూద్దాం."

బోధనా కేంద్రం డైరెక్టరు మోకాళ్ల మీద వంగి, మంచం కిందికి తల దూర్చింది. అక్కడ చీకటిగా ఉంది, దుమ్ముగా ఉంది. డబ్బా చేతికి తగిలింది. తీసుకుని లేవబోయి ఆగిపోయింది. ఏడుపు కడుపులోంచి తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, డబ్బాని గుండెకి అదుముకుని, నేలమీదే పడుకుని ఏడ్చింది.

"అమ్మా, దొరికిందా?" అని వినిపించింది పైనుంచి. ఎన్నాళ్లకో, పాత వసపిట్ట గొంతు.

"దొరికిందే తల్లీ. వస్తున్నా."