సొరంగంలో మూగబోయిన బ్రేస్‌లెట్

అదాల్జీసా బ్రేస్‌లెట్ పోయింది.

పోయింది ఎక్కడో కాదు. కొండ కింద సొరంగంలో, కరెంటు పోయి ఆగిపోయిన రైలు పెట్టెలో. తలుపులు తెరుచుకోవు. ఒకరు దిగింది లేదు, ఒకరు ఎక్కింది లేదు. అంటే దొంగా పెట్టెలోనే ఉన్నాడు, సొత్తూ పెట్టెలోనే ఉంది.

జూలై నెల. సాయంత్రం ఐదు ఇరవై. ఇటలీలో మా పార్మా ఊరి వృద్ధుల క్లబ్బు వాళ్ళు పొద్దున్నే బయలుదేరి, సముద్రం ఒడ్డున ఊళ్ళు చూసి, కాళ్ళు తడుపుకుని, వేయించిన చేపలు తిని తిరిగి వస్తున్నారు. ఏసీ ఆగిపోయింది. మసక లైట్లు మాత్రం మిగిలాయి. ఊపిరాడక జనం గార్డు మీద పడితే అతను తాళం తెచ్చి కిటికీల పై రెక్కలు తెరిచాడు. సొరంగంలోంచి చల్లటి తడిగాలి రివ్వున కొడుతోంది.

ఆ బ్రేస్‌లెట్ ఎరగనివాళ్ళు క్లబ్బులో లేరు. బంగారు గొలుసుకు వేలాడే చిన్న చిన్న బిళ్ళలు, తాళంచెవి, గుర్రపు నాడా. ఆవిడ చెయ్యి కదిపితే గలగల. పేకాటలో ఆవిడ ముక్క వేసిందని వెనక్కి తిరక్కుండానే చెప్పొచ్చు. ఉక్కకు మణికట్టు వాచిందని దాన్ని తీసి చేతిసంచిలో పెట్టుకుంది. ఓ కునుకు తీసింది. లేచి చూస్తే లేదు.

"ఇంకెవరు తీస్తారు? ఆ మనిషే," అన్నాడు మేనల్లుడు ఎర్మెస్.

ఆ మనిషి లియూబా. మాల్దోవా దేశం నుంచి వచ్చి, ఆరేళ్ళుగా అదాల్జీసా ఇంట్లోనే ఉంటూ ఆవిడకు స్నానం, మందులు, వంట అన్నీ చూసుకుంటోంది. దొంగ అన్న పేరు పడితే పని పోతుంది. పనితో పాటు ఈ దేశంలో ఉండే పర్మిట్ పోతుంది. పార్మాలో మరే గడపా ఎక్కనివ్వరు. పారిపోదామన్నా దారి లేదు.

అదాల్జీసా ఒక్క మాట అడగలేదు. లియూబా సంచి లాక్కుని సీటు మీద కుమ్మరించింది. దువ్వెన, సగం తిన్న రొట్టె, ఒడ్డున ఏరుకున్న గులకరాళ్ళు. బ్రేస్‌లెట్ లేదు.

"కిటికీలోంచి విసిరేసి ఉంటుంది. ఇలాంటివాళ్ళను ఇంట్లో పెట్టుకోవద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నాను, అత్తయ్యా? హాయిగా వృద్ధాశ్రమంలో చేరమంటే విన్నావా?" అంటూ ఎర్మెస్ తన జేబులు తనే బయటికి లాగి అందరికీ చూపించాడు. భేష్, ఎంత నిజాయితీ!

రైల్వే పోలీసు ఇన్‌స్పెక్టర్ నీవెస్ మొరీని లేచింది. సెలవు పెట్టి, తల్లిని సముద్రం చూపించడానికి తీసుకొచ్చింది పాపం. సెలవు పెట్టినా కర్మ వదలదు.

"ఆవిడ చేతిసంచి నీ చెయ్యి ఎప్పుడు దాటింది?" అని లియూబాను అడిగింది.

"అమ్మగారికి నీళ్ళు తేవడానికి వెళ్ళినప్పుడు. సీటు మీదే ఉంది."

"పక్కన?"

"ఎర్మెస్ గారు."

తను నిద్రలో ఉన్నానన్నాడు ఎర్మెస్. ఆ పక్క కూర్చున్నవాళ్ళను కూడా అడిగింది. ఎవరికీ ఏమీ వినపడలేదట. గలగలమనే వస్తువు సంచి దాటింది, చప్పుడే లేదు.

నీవెస్ ఎర్మెస్ వంక తేరిపార చూసింది. పొద్దున రైలెక్కిన దగ్గర్నుంచీ ఏసీ గాలి తగలని సీటు కోసం అందరితో తగువు పడింది ఈయనే. సముద్రం ఒడ్డున మాడు పగిలే ఎండలో కూడా మెడకు చుట్టిన స్కార్ఫ్ విప్పలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వే మాట కాదు మరి. చెమట మీద గాలి కొడితే మెడ పట్టేసి మంచాన పడతామని మా దగ్గర పసిపిల్లలకు కూడా ఉగ్గుతో పోస్తారు.

"ఎర్మెస్ గారూ, మెడంతా చెమట. నెత్తి మీద తెరిచిన కిటికీ. అరగంటగా అక్కడే కూర్చున్నారేం?"

"అయ్యో, అవును నాయనా, నీ స్కార్ఫ్ ఏదీ?" అంది నీవెస్ తల్లి. ఆ బెంగ నిజమైనదే.

ఎర్మెస్ చెయ్యి మెడ మీదికి పోయింది.

"నేను చెప్తాను," అంది నీవెస్. "ఆ వస్తువు మోగకూడదంటే గుడ్డలో చుట్టాలి. మీ దగ్గరున్న గుడ్డ అదొక్కటే. అది లేకుండా కిటికీ మూయమంటే స్కార్ఫ్ ఏదని అడుగుతారు. అందుకే నోరు మూసుకుని గాలికి కూర్చున్నారు. నడుంనొప్పి అని పొద్దుటి నుంచి మంచినీళ్ళ సీసా కూడా ఎత్తని మీరు, మీ సీటు కిందున్న క్లబ్బు తిండిసంచి దిగేటప్పుడు నేనే మోస్తానన్నారట. ఎందుకో?"

ఆమె ఆ సంచిలో చెయ్యి పెట్టింది. పుచ్చకాయ తొక్కల అడుగున స్కార్ఫ్ ఉండ దొరికింది. విప్పితే బంగారం.

తను పోయాక కూడా లియూబా బతికినన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉండాలని అదాల్జీసా వసంతంలో అందరి ముందూ అంది. ఆ ఇంటి మీదే ఎర్మెస్ ఆశ.

"నీ మంచికే చేశాను, అత్తయ్యా," అన్నాడు.

"నోర్ముయ్‌రా," అంది ఆవిడ.

రైలు కుదిపి కదిలింది. మొదటి స్టేషన్‌లోనే పోలీసులు ఎర్మెస్‌ను దించేశారు. నీవెస్ లియూబా భుజం తట్టి, ఇక నీకు ఏ భయమూ లేదంది. లియూబా తల ఊపింది. సీటు మీద కుమ్మరించిన తన వస్తువులు ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేసుకుంది.

పార్మాలో ఎప్పటిలాగే చెయ్యి అందించి అదాల్జీసాను దించింది. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చోబెట్టి, మెడకు గాలి తగలకుండా స్వెటర్ గుండీలు పెట్టింది.

"రాత్రి మాత్ర సూప్ తాగాకే వేసుకోండి. ఖాళీ కడుపున వద్దు."

"నువ్వుంటావుగా, నా తల్లీ. పద, ఇంటికి పోదాం."

"ఎర్మెస్ గారు నన్ను దొంగ అన్నారు. ఆయన ఎప్పుడూ అనేదే. సంచి కుమ్మరించింది మాత్రం మీరు, అమ్మగారూ."

ఇంటి తాళాలు ఆవిడ ఒళ్ళో పెట్టి, అక్క కూతురు ఉండే రెజ్జో ఊరి బండి కోసం అవతలి ప్లాట్‌ఫాంకి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

అదాల్జీసా లేవబోయింది. లేవలేకపోయింది. ఆరేళ్ళుగా ఆవిడను లేపేది లియూబాయే.