నీళ్ళు తోడేవాడు

కల్పన రాసే డిటెక్టివ్ నవలల్లో ఎవరికీ పెద్దగా నొప్పి కలగదు. హత్య జరిగిన మర్నాడే అందరూ కూర్చుని టీ తాగుతారు, చివరికి దోషి తలొంచుకుని ఒప్పేసుకుంటాడు. గుడివాడలో టీచరుగా పనిచేస్తూ ఆమె ఫోన్లో రాసే ఈ కథలకి పాఠకులు బాగానే ఉన్నారు. కొత్త నవల తెరచాప పడవ మీద నడుస్తుంది. ముగ్గురు మనుషులు, ఒక శవం, బోలెడు నవ్వులు.

"ఒక్కసారి పడవెక్కించు బాబాయ్, నవలకి వివరాలు కావాలి" అని నాగేంద్రబాబుని నెల రోజులు బతిమాలి ఒప్పించింది. ఆయనది పాలకాయతిప్ప దగ్గర పల్లె. అందరూ ఇంజన్ బోట్లకి మారిపోయారు. ఆయన పాత తెరచాప పడవ మూడేళ్ళుగా ఇసకలో బోర్లా పడి ఉంది. మూడేళ్ళ కిందట ఆ పడవలోనే కల్పన తమ్ముడు గోపి బాబాయితో వేటకి వెళ్ళాడు. సాయంత్రం బాబాయి ఒక్కడే తిరిగొచ్చాడు. "పొద్దున్నే జారిపడ్డాడు" అన్నాడు, అంతే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇంట్లో అందరూ నోరు మూసుకున్నారు. కల్పన మాత్రం ఆ ఒక్క మాటనే నములుతూ కూర్చుంది. వివరాలు కావాల్సింది నవలకి కాదు. గోపి ఎలా పోయాడో బాబాయి నోటితోనే వినాలి.

ఎండ తెల్లగా కాస్తుండగా పడవ కదిలింది. చుక్కాని తాను పట్టుకుని, తెరచాప తాడు ఆమె చేతికిచ్చాడు బాబాయి. "భయమేస్తే తాడొదిలెయ్యమ్మా. చాప వాలిపోద్ది, పడవ ఆగిపోద్ది" అని చెప్పి, ఎప్పటి బీడీ దగ్గు ఖళ్ళుఖళ్ళున దగ్గాడు.

చాలా దూరం వెళ్ళాక సముద్రం గాలి మొదలైంది. పడవని ఒడ్డు వైపు తిప్పాడు. కల్పన ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసి నవల పైకి చదవసాగింది. వెనక ఎక్కడో గర్... ఛళ్... అని చప్పుడు. మళ్ళీ గర్... ఛళ్... అలలే అనుకుంది.

బాబాయి ముసిముసిగా నవ్వుతూ విన్నాడు. మనిషి నీళ్ళలో పడే చోట మాత్రం గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు.

"అదంతా సరేగానీ, నీ కథలో నీళ్ళు తోడేవాడేడే? కర్ర పడవన్నాక ఎక్కడో ఒకచోట ఊరుతానే ఉంటది. తోడకపోతే గంటలో ములిగిపోద్ది."

కల్పన పడవ అడుక్కి చూసింది. మూడేళ్ళు ఎండిన చెక్కల సందుల్లోంచి నీళ్ళు బుడబుడా ఊరుతున్నాయి. వేలెడు లోతు. అంతకు మించి పెరగడం లేదు.

"బయల్దేరి మూడు గంటలైంది బాబాయ్. మనం ఒక్కసారీ తోడలేదే?"

బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు.

గర్... ఛళ్...

పాత నూనె డబ్బా కోసి చేసిన తోడే డబ్బా వాళ్ళిద్దరి మధ్యే ఉంది. కదలడం లేదు. చప్పుడు మాత్రం అక్కణ్ణుంచే వస్తోంది. ఉప్పు వాసన, తడి చెక్క వాసన, వాటి కింద... గోపి తలకి రాసుకునే సంపంగి నూనె వాసన.

"ఆ రోజు ఒక్కడివే తిరిగొస్తూ చుక్కానీ నువ్వే పట్టావు, తాడూ నువ్వే పట్టావు. మరి నీళ్ళెవరు తోడారు?" గొంతు తగ్గించి అడిగింది.

"వాడే."

"పొద్దున్నే పడిపోయాడన్నావుగా..."

"పడ్డాకే తోడాడమ్మా. ఒడ్డు దాకా తోడాడు." బాబాయి చుక్కానిని గట్టిగా పట్టుకున్నాడు. "అంచు పట్టుకుని 'బాబాయ్, తాడొదులు' అన్నాడు. గాలి జోరుగా ఉంది. వదిలితే తిరగబడుద్దేమోనని... వదల్లేదు. వాడి వేళ్ళు జారిపోయాయి."

కల్పన డబ్బా వైపు చూసింది. తన కోసం తాడు కూడా వదలని మనిషికి నీళ్ళు తోడిపెట్టాడు గోపి, పిచ్చి వెధవ. చచ్చాక కూడా చాకిరీయేనా!

"చాల్లేరా గోపీ. ఇక తోడకు."

చప్పుడు ఆగిపోయింది.

నీళ్ళు మడమలు దాటాయి. బాబాయి చుక్కాని వదిలేసి డబ్బా మీద పడ్డాడు. పిచ్చిగా తోడాడు. పడవ గిర్రున తిరిగింది. చాప కట్టిన వాసం వచ్చి ఛాతీకి తగిలి ఆయన్ని నీళ్ళలోకి తోసేసింది. అంతే.

పడవ అంచు మీద నాలుగు వేళ్ళు...

"కల్పనా... తాడొదులమ్మా..."

వదలడమంటే గుప్పిట తెరవడమే. ఆమె తెరవలేదు. భయం వల్లేనని తర్వాత ఎన్నోసార్లు తనకి తాను చెప్పుకుంది. కానీ ఆ క్షణాన ఆమెకి ఏ భయమూ లేదు.

వేళ్ళు జారిపోయాయి.

గాలి మళ్ళీ చాపలో నిండి పడవని ఒడ్డు వైపు తోసింది. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. తానూ పోతానని ఆమెకి అర్థమైంది. కళ్ళు మూసుకుంది.

గర్... ఛళ్...

వెంటనే ఒక దగ్గు. ఖళ్ళుఖళ్ళున.

ఒడ్డు తగిలేదాకా ఆమె వెనక్కి తిరగలేదు.

బాబాయి భార్య పాపాయమ్మ పరుగెత్తుకొచ్చింది. వెంట వచ్చిన నలుగురూ పడవని ఇసకలోకి లాగారు.

"మీ బాబాయేడే?"

"జారిపడ్డాడు పిన్నీ." మూడేళ్ళుగా అసహ్యించుకున్న మాట ఎంత తేలిగ్గా వచ్చిందో!

పాపాయమ్మ ఏడవలేదు. పడవలోకి వంగి చూసింది. అడుగంతా పొడిగా ఉంది. కల్పన చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది. తాడు ఒరుసుకున్న గీత తప్ప ఇంకేమీ లేదు.

"ఆ రోజు ఆయన్నీ అడిగాను, నీళ్ళెవరు తోడారని" గుసగుసగా అంది. "చెప్పలేదు. నువ్వన్నా చెప్పవే."

కల్పన పడవ వైపు చూసింది. ఇసకలో కదలకుండా ఉంది. పొడి చెక్కల మీద డబ్బా, అంచుల దాకా నీళ్ళు.

నీళ్ళింకా ఊగుతున్నాయి.