మిగెరు ఎముకకు చుట్టిన గుడ్డ

పెట్టెలో పునీత మిగెరు ఎముక లేదు. దాని బదులు అడవిపంది ఎముక ఉంది.

“ఇది మనిషిది కాదు.” నాగసాకి లేబ్ నుంచి పరీక్షకు వచ్చిన డాక్టర్ గ్లవ్స్ విప్పేశాడు.

గోతో దీవిలోని ఆ చిన్న చర్చిలో కళ్ళన్నీ హత్సుయె మీదికి తిరిగాయి. మిగెరు చరిత్ర రాస్తున్నది ఆవిడే. మతం వదిలినట్టు రుజువుగా అధికారులు తొక్కమన్న క్రీస్తు బొమ్మను వేదసాక్షి మిగెరు తొక్కనన్నాడని ఊరి కథ. తొక్కాడని ఆవిడ రాత. ఆవిడే దొంగని తేలితే ఆ పుస్తకం ఇక అచ్చు కాదు.

ఇన్‌స్పెక్టర్ ఇవనాగా ఇద్దరినే ఉంచి మిగతావాళ్ళను బయటికి పంపాడు. పెట్టె ఆ ఇద్దరి చేతుల్లోనే ఉంది. ఒకరు హత్సుయె. రెండోవాడు దెగుచి, తాతల నాటి నుంచి ఎముకను కాస్తున్న ఇంటి పెద్ద.

“పెట్టె ఈవిడకి ఎందుకిచ్చారు పెద్దాయనా?”

“ఫొటోలు తీసుకుంటానంది.”

“తిరిగిచ్చాక తెరిచి చూశారా?”

“లేదు. బుద్ధి గడ్డి తిని నమ్మాను.”

“అబద్ధం. నా ముందే చూసుకున్నారు,” అంది హత్సుయె.

“నోర్ముయ్. పునీతుణ్ణి పిరికివాణ్ణి చేసినదానివి, నువ్వా నిజం చెప్పేది?”

ఇవనాగా ఫోన్ ముందుకు తోశాడు. “డాక్టర్ మూట విప్పకముందు తీసిన ఫొటో. గుడ్డ కుడి అంచు పైకి ఉంది. శవానికి కిమోనో కట్టినట్టు. మిగెరుకి ఇలాగే చుడతారా?”



“ఎడమ అంచు పైకి,” అంది హత్సుయె. “బతికున్నవాళ్ళకి కట్టినట్టు. వేదసాక్షి చావలేదని వీళ్ళ నమ్మకం. ఆ మడత ఫొటో నా దగ్గరుంది.”

“ఈవిడైతే ఫొటో చూసి అచ్చంగా దింపేది. పంది ఎముకకి ఆ మడత పెట్టడానికి ఎవరికి చేతులు రావు పెద్దాయనా?”

దెగుచి కోటు లోపలి నుంచి చిన్న మూట తీశాడు.

“పరీక్షకని రంపంతో కోస్తారట. మిగెరుది కాదంటే మా ఇల్లు ఇన్నాళ్ళూ దేన్ని మోసినట్టు?”

“అందుకని నా నెత్తిన రుద్దుతారా?”

“మళ్ళీ అయినా రుద్దుతాను. తొక్కాడన్న మాట కొట్టెయ్. అప్పుడిస్తా.”

“కొట్టెయ్యను. తొక్కాడు. మర్నాడు తానే వెళ్ళి, తొక్కడం తప్పని అధికారి ముందు చెప్పాడు. తల తీశారు. అదీ ఆనాటి కచ్చేరీ రాతలోనే ఉంది. మీరెవరూ ఆ పేజీ దాకా చదవలేదు.”

దెగుచి మూటను చూపించాడు.

“ఈ ఎముక అతనిదేనా?”

“తెలీదు. తెలీదనే రాస్తాను.”

మూట బల్ల మీద పెట్టాడు. “నా దొంగతనం కూడా రాస్తావా?”

“రాస్తాను.”

“అయితే కోట్లో గుండెకి ఆనించి దాచాడని రాయి. సంచిలో అన్నావో, నీ అంతు చూస్తా.”