లాగుడు బండిలో మనిషి ఉండకూడదు

లాగుడు బాబాయికి బండ్లంటే నమ్మకం, మనుషులంటే అనుమానం. బండి పాడైతే ఎక్కడ పాడైందో అదే చప్పుడు చేసి చెబుతుంది, మనిషి పాడైతే ఆరు రోజులైనా నోరు విప్పడు అంటున్నాడు ఈ మధ్య. దారిలో ఆగిపోయిన కార్లని తన ట్రక్కుకి తగిలించి ఇళ్ళకి చేర్చడం పాతికేళ్లుగా ఆయన వృత్తి. అందుకే అందరికీ లాగుడు బాబాయి అయ్యాడు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు.

ఆ ఆరు రోజుల మాట ఊరికే అన్నది కాదు. ఆయన బావమరిది మందుల కంపెనీ పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. ఆరు రోజుల కిందట, కొండ దారిలో కారు బ్రేకులు పోయాయంటూ కాలినడకన వచ్చి అక్క ఇంట్లో పడ్డాడు. అంతే. ముద్ద దిగదు, లైటు ఆర్పితే లేచి కూర్చుంటాడు. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచిన అక్కకి గుండె చెరువైపోయింది.

"కారుదేముందండీ, ఇనుము," అంది బయల్దేరేటప్పుడు భర్తతో. "కొండ మీద ఏం జరిగిందో వాడి నోటితో చెప్పించండి. నా తమ్ముణ్ణి నాకు మళ్ళీ మామూలుగా తెచ్చివ్వండి."

"తెస్తా లేవే. కారుతో పాటు కట్టి మరీ తెస్తా," అన్నాడాయన.

బావా బావమరిదీ ట్రక్కులో కొండ మీదికి చేరేసరికి మధ్యాహ్నం మూడు. అయినా పొగమంచు దుప్పటిలా కప్పేసింది. పది అడుగుల అవతల ఏముందో తెలియదు. తడి ఆకుల వాసన, ఎక్కడో సన్నగా నీళ్ళు జారే చప్పుడు... అంతకు మించి ఏమీ లేదు. మలుపు దగ్గర పిట్టగోడకి ముక్కు ఆనించి కారు నిలబడి ఉంది. డ్రైవరు వైపు తలుపు బార్లా తెరిచి ఉంది.

బాబాయి పనిలో దిగాడు. ఆయన దగ్గర డాలీ ఉంది, అంటే రెండు చక్రాల ఇనుప బల్ల. కారు ముందు చక్రాలు దాని మీదికి ఎక్కుతాయి, వెనక చక్రాలు రోడ్డు మీద దొర్లుతూ వస్తాయి. కారుని గోడ నుంచి వెనక్కి లాగి, ముక్కు దారికి తిప్పి, డాలీ మీదికి ఎక్కించాడు. చక్రాలకి పట్టీలు బిగించాడు. కొక్కెం కింద గొలుసులు రెండూ అడ్డంగా వేశాడు, కొక్కెం ఊడినా కారు మన దారి వదలకూడదు కదా. వెనక దీపాలకి తీగ కలిపాడు. గేరు న్యూట్రల్‌లోనే ఉందా, హ్యాండ్‌బ్రేకు దిగే ఉందా అని చూడటానికి లోపలికి వంగాడు.

వెనక సీట్లో, ఎడమ వైపు, బెల్టు పెట్టి ఉంది. ఖాళీ సీటుకి.

"గాలికి బెల్టు పెట్టావేంట్రా? ఎగిరిపోతుందనా?"

బావమరిది నవ్వలేదు. కారు దగ్గరికి కూడా రాలేదు. బాబాయి చెయ్యి చాచి ఎర్ర బొత్తం నొక్కాడు. బెల్టు ఊడలేదు. గట్టిగా నొక్కాడు. ఊహూఁ. చలికి పట్టేసిందనుకుని వదిలేసి, తలుపు మూశాడు.

ట్రక్కు చిన్న గేరులో దిగడం మొదలుపెట్టింది. రెండు మలుపులు దాటాక వెనక నుంచి చిన్న ఊపు వచ్చింది. మళ్ళీ ఒకటి. గేదె తోక ఆడించినట్టు కారు అటూ ఇటూ ఊగుతోంది. ఇలాంటప్పుడు కంగారుపడి బ్రేకు తొక్కినవాడు లోయలో తేలతాడు. బాబాయి స్టీరింగుని తిన్నగా పట్టుకుని, కాలు మెల్లగా ఎత్తేశాడు. ఊపు తగ్గింది.

కానీ ఆయనకది నచ్చలేదు. వెనక బరువుంటేనే అలా ఊగుతుంది. ఆయన చెప్పే మొదటి సూత్రమే అది, లాగుడు బండిలో, అంటే వెనక కట్టి లాగే కారులో, మనిషి ఉండకూడదు.

"కొత్తగా బిగించిన పట్టీలు కాస్త దూరం పోయాక వదులవుతాయి. చూసొస్తా," అని ఇంజను ఆపి దిగాడు.

పట్టీలు బిగువుగానే ఉన్నాయి. గొలుసులు సరిగ్గానే ఉన్నాయి. వెనకకి నడిచాడు. ఎడమ వైపు టైరు అణిగి ఉంది. గాలి తగ్గిందేమోనని బూటుతో తన్ని చూశాడు. రాయిలా ఉంది. అద్దంలోంచి లోపలికి చూశాడు.

సీటు గుంటపడి ఉంది. ఇందాక ఆ గుంట లేదు.

తడి కంబళి వాసన వేసింది. అద్దాలన్నీ మూసే ఉన్నాయి... అయినా వేసింది. ఆ నిశ్శబ్దంలో, కారు లోపలి నుంచి, సన్నగా...

టక్.

కాసేపాగి మళ్ళీ. టక్... టక్...

బాబాయి పరుగెత్తలేదు. పరుగెడితే భయపడ్డానని తనకే తెలిసిపోతుందని నడిచాడు. ట్రక్కెక్కి తలుపు వేసుకుని లాక్ నొక్కాడు.

"ఒరేయ్. ఇప్పుడు చెప్పు. నీ కారులో ఎవరెక్కారు?"



"ముసలామె, బావా. కంబళి కప్పుకుని మలుపులో నిలబడింది. కిందదాకా దింపు నాయనా అంది. ఎక్కించుకున్నా. బెల్టు నేనే పెట్టా."

"ఊఁ."

"దిగుతుంటే బ్రేకు పడలేదు. కారు పరుగు అందుకుంది. ఆమె వెనక బొత్తం నొక్కుతూనే ఉంది. టక్, టక్ అని. బాబూ, ఇది ఊడటం లేదు, బాబూ అని..." వాడు చెవులు మూసుకున్నాడు. "నేను నా తలుపు తీసి దూకేశాను."

బాబాయి అద్దంలోంచి వెనక కారుని చూశాడు.

"గోడకి తగిలిన చప్పుడు వినబడింది. వెనక్కి చూడలేదు బావా. పరుగెత్తుకుంటూ వచ్చేశా. అక్కకి ఎలా చెప్పను? అక్క అయితే దూకి ఉండేది కాదు."

కోపం, జాలి రెండూ ఒకేసారి పొంగుకొచ్చాయి బాబాయికి. లెంపకాయ కొట్టాలో దగ్గరికి తీసుకోవాలో తెలియలేదు.

"గోడకి ఆగింది కదరా. దిగి తన దారిన తను వెళ్ళిపోయి ఉంటుంది."

"బెల్టు పెట్టే ఉంది బావా," అన్నాడు వాడు గుసగుసగా. "ఎలా దిగింది?"

బాబాయి తాళం తిప్పాడు. బండి కదిలింది.

ఊపు ఎక్కువైంది. ప్రతి మలుపులోనూ కారు లోయ వైపే లాగుతోంది. అద్దంలో పొగమంచు, అందులో నల్లగా కారు ముందు గాజు. అంతే. బాబాయి కాలు బ్రేకు మీద పెట్టకుండా పళ్ళబిగువున దింపుతున్నాడు.

"ఆపకండి బావా... ఆపకండి..."

"నోరు మూసుకో. కింద పోలీసు స్టేషన్లో ఉన్నదున్నట్టు చెబుదువుగాని. నేను పక్కనే ఉంటా."

చివరి మలుపు. ట్రక్కు ఒక్కసారి కిందికి కుంగింది, గతుకులో పడినట్టు. అక్కడ గతుకు లేదు.

ఊపు ఆగిపోయింది.

కారు పాలేరులా బుద్ధిగా వెంట వస్తోంది. కొండ దిగాక వెలుతురు చూసి బాబాయి బండి ఆపి, గుండె చిక్కబట్టుకుని కారు దగ్గరికి వెళ్ళాడు. సీటు చదునుగా, పొడిగా ఉంది. బెల్టు ఊడి పక్కన వేలాడుతోంది. టైరు మామూలుగా ఉంది.

"పోయిందిరా!" అని అరిచాడు. "కిందదాకా దింపమంది, దింపేశాం. వెళ్ళిపోయింది!"

బావమరిది దిగి వచ్చి చూశాడు. ఆరు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. బాబాయి వాడి వీపు నిమిరి, ఇక వీడు అక్క చేతి ముద్ద తింటాడని సంతోషపడ్డాడు.

స్టేషనుకి వెళ్ళే దారిలో లారీలు తూచే వేబ్రిడ్జి ఉంది. బాబాయి బండిని దాని మీదికి ఎక్కించాడు. కళ్ళు పొరబడొచ్చు, మనసు పొరబడొచ్చు, కాటా పొరబడదని ఆయన నమ్మకం. కారులో ఏమీ లేదని ఒక్కసారి అంకెల్లో చూసుకుంటే రాత్రికి నిద్ర పడుతుంది.

బోర్డు మీద ఎర్రగా వెలిగింది. మూడు వేల మూడు వందల నలభై.

"డ్రైవరు ఒక్కరే ఉండాలండీ, రెండో ఆయన దిగాలి," అని కాటా మనిషి కిటికీలోంచి కేకేశాడు.

బావమరిది తలుపు తీసుకుని దూకాడు. బక్కపలచని మనిషి, బట్టలతో తూచినా అరవై దాటడు. ఎర్ర అంకెలు గిరగిరా తిరిగి ఆగాయి.

మూడు వేల రెండు వందల ఇరవై.

"అబ్బో, నూట ఇరవై కిలోలా!" కాటా మనిషి పకపకా నవ్వాడు. "సన్నగానే కనిపిస్తున్నారు గానీ సారు, గట్టిపిండమే!"

బాబాయికి చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి. పిలవబోయాడు. 

బావమరిది ఎదురుగా షెడ్డు కింద ఉన్న పొడవాటి బల్ల దగ్గరికి నడిచాడు. బల్ల అంతా ఖాళీయే. అయినా ఈ చివరికంటా జరిగి, పడిపోతాడేమో అన్నట్టు అంచు మీద కూర్చున్నాడు. తర్వాత పెద్దవాళ్ళు మెల్లగా మాట్లాడితే వినడానికి వంగినట్టు, పక్కనున్న ఖాళీ వైపు తల వంచాడు.

కాసేపు విన్నాడు. సరేనన్నట్టు తలూపాడు.