నాలుగో ఆవిడ

విశాఖలోని ఆ చిన్న థియేటర్లో సినిమా అయిపోగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. పైడమ్మ ఒక్కతే కూర్చుండిపోయింది. తెరమీద కనిపించిన ఆరుగురు ఆడవాళ్ళలో ఒకరు ఆమె కూతురు నూకరత్నం. ఎవరో మాత్రం ఆ తల్లి పోల్చుకోలేకపోయింది.

ఇల్లు విడిచి పారిపోయినవాళ్ళు తమ కథ తామే చెప్పుకున్న సినిమా అది. ఆనవాలు దొరికితే ప్రాణాలకే ముప్పు. అందుకని డాక్టర్ కమలాకర్ ‘మరుగు’ అనే మెషీన్ తయారుచేశాడు. అదేం చేస్తుందంటారా? ఆరు ముఖాలనూ కలిపి పిసికి, ఎవరివీ కాని ఆరు కొత్త ముఖాలు తీస్తుంది. గొంతులూ అంతే. అక్కడితో ఆగినా బాగుండేది. మనిషిని అలవాట్లను బట్టి కూడా పోల్చుకుంటాం కదా, అందుకని ఒకరి అలవాటు తీసి ఇంకొకరికి తగిలిస్తుంది, పేకముక్కలు కలిపినట్టు. ఆపైన ఒరిజినల్ ఫుటేజ్ చెరిపేస్తుంది. కన్నతల్లి కూడా పోల్చలేదని కమలాకర్ అందరి దగ్గరా గొప్పలు పోయాడు. ఆ మాటే నిజమై కూర్చుంది.

మొగుడి తన్నులు భరించలేక పారిపోయిన నూకరత్నం ఏళ్ళ తరబడి తల్లికి కూడా కనబడలేదు. షూటింగ్ అయ్యాక జ్వరంతో పోయింది. కబురు అందేసరికి దహనం కూడా అయిపోయింది. ఉన్న ఫోటోలన్నీ మొగుడు ఎప్పుడో తగలబెట్టాడు.

ముసుగు తీసి ఒక్కసారి పిల్లని చూపించమని పైడమ్మ కమలాకర్‌ని బతిమాలింది. ముసుగు కింద ఏమీ మిగల్లేదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. సినిమా మళ్ళీ వేయించి పక్కన కూర్చున్నాడు.

తెరమీద నాలుగో ఆవిడ నవ్వబోయి చెవితమ్మె పట్టుకుంది. పైడమ్మ లేచి నిలబడింది.

“అదే బాబూ, నా గుంట. నవ్వొస్తే సెవి పట్టుకుంటాది.”

కమలాకర్‌కి సంగతి అర్థమైంది. ఆ అలవాటు నూకరత్నానిదే. అందుకే ఆ మనిషి నూకరత్నం కాదు. ‘మరుగు’ ఎవరి అలవాటునూ వాళ్ళ దగ్గర ఉంచదు.

“నా గుంటే కదా బాబూ?”

“అవునమ్మా,” అన్నాడు.

తెరమీది ఆ ముఖం ఫోటో కావాలంది పైడమ్మ. ఫ్రేమ్ కట్టించి ఇచ్చాడు. ఎంత చిక్కిపోయావే తల్లీ అని దాన్ని గుండెకు హత్తుకుని, ఏడుస్తూ బస్సెక్కింది పైడమ్మ.

‘మరుగు’కి ఆ నెలలోనే అవార్డు వచ్చింది. పైడమ్మ ఇంట్లో, ఏ తల్లీ కనని ఆ ముఖానికి ఇప్పటికీ రోజూ కనకాంబరాల దండ పడుతోంది.