ముదురాకుల బ్యాచ్

ఆమె నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను వాళ్ల పెరటి గోడ మీద ఉన్నాను. ఒక చెయ్యి గోడ మీద, రెండోది నిమ్మ చెట్టు మీద.

"ఏవండీ, కాయలింకా రాలేదు," అంది కింద నుంచి.

"కాయలు కాదండీ. లేతాకులు."

"మేకలున్నాయా?"

"గొంగళి పురుగులు."

ఆమె లెక్కల టీచర్. నేను పక్క వీధి ల్యాబులో రిసెర్చ్ స్టూడెంట్‌ని. పుట్టగానే తినే తిండి ఈ పురుగుల ఎదుగుదలను ఎంత మారుస్తుందన్నది నా థీసిస్. సగం పురుగులకు మొదటి నుంచీ లేతాకులు. మిగతా సగానికి మొదట్లో ముదురాకులు, తర్వాతే లేతవి. ఇదంతా గోడ మీద నుంచే వివరించాను, దిగడం చేతకాక.

స్టూలు తెచ్చి దింపింది. ఇకమీదట గేటులోంచి రమ్మంది.

ఆదివారం ల్యాబుకొచ్చి డబ్బాల్లోకి తొంగి చూసింది. లేతాకులవి బొద్దుగా ఉన్నాయి. ముదురాకులవి అగ్గిపుల్ల ముక్కల్లా ఉన్నాయి.

"పాపం, వీటి కడుపు మాడ్చారు."

"ఇప్పుడు లేతాకులే పెడుతున్నాం కదండీ. ఎలా లాగించేస్తున్నాయో చూడండి."

"అయితే ఆ బొద్దువాటిని అందుకుంటాయా?"

"అంత లావు కావు. సీతాకోకలయ్యే ముందు ప్యూపా కావడానికి కూడా ఎక్కువ రోజులు తీసుకుంటాయి."

ఆ మాట చెబుతుంటే నాకు భలే సంతోషం వేసింది. ప్యూపా అయితే పురుగు తిండి మానేస్తుంది. అప్పుడు నాకు ఆకులక్కర్లేదు, ఆ గేటు తీసే పనీ ఉండదు. ఎదగని పురుగుల్ని చూసి మురిసిపోయిన సైంటిస్టుని నేనొక్కణ్ణేనేమో.

"ఎందుకయ్యా ఇకిలిస్తున్నావ్?" అని మా గైడ్ అడిగారు.

"డేటా బాగుంది సార్."

లేతాకులవి ముందే ప్యూపాలైపోయాయి. ముదురాకులవి నా మీద దయతలిచి ఇంకా నములుతూనే ఉన్నాయి. రోజూ వెళ్లేవాణ్ణి. ఆమె కొమ్మ వంచేది, గుప్పెడాకులు కొయ్యడానికి నాకు గంట పట్టేది. అసలు మాట నోటిదాకా వచ్చి, "ఈ ఆకు బాగా లేతగా ఉందండీ" అయి బయటపడేది.

ఓ వానరోజు పొద్దున చివరి పురుగు కూడా తిండి మానేసింది. సాయంత్రం మామూలుగానే వాళ్ల పెరటి గుమ్మంలో నిలబడ్డాను, తడిసి ముద్దై.

వాళ్లమ్మగారు తలుపు తీశారు. "ఇంకా తింటున్నాయా బాబూ?"

అబద్ధమాడదామంటే నోరు రాలేదు. "లేదండీ. అన్నీ మానేశాయి."

"మరి ఈ వానలో ఎందుకొచ్చావు?"

ఆమె తువ్వాలు పట్టుకుని వాళ్లమ్మ వెనక నిలబడింది. నేను చెట్టు వైపు చూశాను. చెట్టు ఏ సాయమూ చెయ్యలేదు.

"మీ అమ్మాయి కోసమండీ."

చెప్పాల్సిన మనిషికి కాకుండా వాళ్లమ్మకు చెప్పానని తర్వాత వెలిగింది.

వాళ్లమ్మగారు కూతురి వైపు తిరిగారు. "నీ కోసమేనట. విన్నావా?"

"ఇన్నాళ్లకు," అంది ఆమె, తువ్వాలు నా చేతిలో పెడుతూ. "లోపలికి రండి. మా నాన్నగారికి కూడా మీరే చెప్పాలి, ఇంత నాన్చకుండా."